పెళ్లిపూలు దించిన చోటు

1923 ఏప్రిల్ 26, గురువారం. లండన్‌లో పొద్దుటి నుంచీ వాన. వెస్ట్‌మినిస్టర్ అబ్బే పడమటి ద్వారం ముందు గుర్రపు బండి ఆగింది. తండ్రి చెయ్యి పట్టుకుని పెళ్లికూతురు దిగింది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఒంటి మీద దంతపు రంగు పెళ్లిగౌను, దాని మీద ముత్యాలూ వెండి దారాల పనీ. తల మీద కాబోయే అత్తగారు మేరీ రాణి ఇచ్చిన పాతకాలపు లేసు మేలిముసుగు. చేతిలో తెల్లపూల గుత్తి. లోపల ఇంగ్లండు రాజూ రాణీ, దేశదేశాల రాజబంధువులూ, మంత్రులూ ఆమె కోసమే తలలు తిప్పి చూస్తున్నారు. వేదిక దగ్గర వరుడు నిలబడి ఉన్నాడు. ఆయన రాజుగారి రెండో కొడుకు, యార్క్ డ్యూక్ ఆల్బర్ట్.

ద్వారం దాటి నాలుగడుగులు వేశారో లేదో, ఊరేగింపు ఆగింది. ముందు నడుస్తున్న మతాచార్యుల్లో ఒకాయనకు కళ్లు తిరిగాయని, ఆయన్ను పక్కకు తప్పించేదాకా అందరూ నిలబడిపోవాల్సి వచ్చిందని చెబుతారు. అలా నిలబడ్డచోట, నేలలో పొదిగి, ఒక నల్లరాతి పలక. దాని మీద ఎవరూ కాలు పెట్టరు. రాజైనా పక్కనుంచే నడవాలి.

పెళ్లికూతురు తండ్రి చెయ్యి వదిలింది. పక్కకు రెండడుగులు వేసింది. వంగి, చేతిలోని పూలగుత్తిని ఆ నల్లరాతి మీద పెట్టింది. మళ్లీ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఊరేగింపు కదిలింది. ఆ పొడవాటి దారంతా ఖాళీ చేతులతో నడిచి, ఆ ఖాళీ చేతులతోనే పెళ్లిపీట దగ్గరికి చేరింది.

కార్యక్రమంలో ఈ ఘట్టం లేదు. ఆ పెళ్లిని రేడియోలో వినిపిస్తామని అప్పుడప్పుడే పుట్టిన బీబీసీ అడిగితే మతపెద్దలు ఒప్పుకోలేదు. ఎక్కడో సారాకొట్టులో కూర్చున్నవాడు తలమీద టోపీ కూడా తీయకుండా ప్రార్థన వింటాడేమోనని వాళ్ల దిగులు. కాబట్టి ఆ క్షణానికి గొంతు లేదు. చూసినవాళ్ల మాటే సాక్ష్యం.

మన కళ్లతో ఒకసారి చూడండి. ముహూర్తానికి నడిచి వెళ్తున్న పిల్ల. దారిలో సమాధి. తన పెళ్లిపూలు తీసి దాని మీద పెట్టింది! మన ఇళ్లలో పెళ్లిమాటల మధ్య చావు సంగతి ఎత్తితేనే ‘శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఏమిటా మాటలు’ అని పెద్ద ముత్తైదువ కసురుతుంది. అదే ఈ పిల్ల మన అమ్మాయి అయితే, అక్కడికక్కడే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేవారు. ముహూర్తం మార్చాలన్నవాళ్లూ ఉండేవారేమో.

ఎక్కడి లండన్, ఎక్కడి పోర్ట్ క్లాంగ్? కానీ ఈ కథ పనికొచ్చేది అక్కడే. మలేసియాలో అతిపెద్ద రేవు అది. 1901లో తెరిచినప్పుడు దాని పేరు పోర్ట్ స్వెటెన్‌హామ్, పాలించిన తెల్లదొర పేరు. 1972లో ఆ పేరు తీసేసి పోర్ట్ క్లాంగ్ అన్నారు. ఆ రేవులో, దాని వెనకున్న క్లాంగ్ పట్నంలో, ఇప్పుడు తెలుగింటి పెళ్లంటే రెండు పూటల వ్యవహారం. పొద్దున గుడిలోనో కల్యాణమండపంలోనో తాళి, తలంబ్రాలు, దండలు. సాయంత్రం హాలులో విందు. పొద్దుటి పూల గురించి ఎవరికీ సందేహం లేదు. క్లాంగ్‌లో జలాన్ తెంకు కెలానా వీధి పొడుగునా పూలకొట్లే. తమిళనాడు నుంచి విమానంలో వచ్చిన మల్లెలు, కామెరాన్ కొండల మీంచి దిగిన చామంతులు, గులాబీలు. దండ ఎలా ఉండాలో కట్టేవాడికి తెలుసు, కట్టించేవాళ్లకూ తెలుసు. చిక్కంతా సాయంత్రం పూటదే. హాలులోకి నడిచి వచ్చేటప్పుడు పెళ్లికూతురి చేతిలో ఒక బొకే ఉండాలి. దానికి తాతలు పెట్టిన పద్ధతి ఏదీ లేదు. ఎవరికి వారే ఎంచుకోవాలి.

ఒక ఇల్లు ఊహించుకుందాం. పేర్లు అక్కర్లేదు, ఇలాంటి ఇళ్లు ఆ రేవు చుట్టూ చాలానే ఉన్నాయి. ఫోనులో బొమ్మలు చూపిస్తోంది పెళ్లికూతురు.

“అన్నీ తెల్లవేనేటే? తెల్లపువ్వులు వద్దు. చీనావాళ్లు సావు పువ్వులంటారు,” అంది తల్లి.

“చామంతులు పెట్టించుకోవే. మనకి మంచిది,” అంది అమ్మమ్మ.

“తెల్ల చామంతి గుత్తి పట్టుకుని హాల్లోకొస్తే మా ఆఫీసువాళ్లు సగంమంది హడిలిపోతారు అమ్మమ్మా. వాళ్లకది శవం కాడ పెట్టే పువ్వు.”

“మరైతే ఎర్రగులాబీలు.”

“అందరూ అవే.”

“అందరూ పట్టుకుంటే నీకొచ్చిన నష్టమేటి?”

ఆ ప్రశ్నకు పిల్ల దగ్గర జవాబు ఉంది గానీ మాటల్లో పెట్టలేకపోతోంది. తన పువ్వుల్లో తన సంగతి ఏదో ఉండాలి. ఆ సంగతి ఏమిటో కొట్టువాడి ఆల్బంలో దొరకదు. అతను రంగులు చూపిస్తాడు, ధరలు చెబుతాడు. ఈ రంగుకు ప్రేమ, ఆ రంగుకు స్నేహం అని పూలకు అర్థాలు రాసిపెట్టిన పుస్తకాలు విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో తెగ అమ్ముడుపోయాయి. వాటి వాసన ఇప్పటికీ ప్రతి పూలకొట్టు ప్రకటనలోనూ తగులుతూనే ఉంటుంది. నా మట్టుకు నాకు ఆ పుస్తకాల మీద నమ్మకం లేదు. ఒకే వీధిలో ఒకే చామంతి ఒక ఇంటికి మంగళం, పక్కింటికి మైల అయినప్పుడు, అర్థం పువ్వులో ఉందని ఎలా అనుకోవడం?

లండన్ పెళ్లికూతురి గుత్తికీ మొదట కొట్టువాడి అర్థాలే ఉన్నాయి. తెల్లగులాబీలు వరుడి వైపుకి. యార్క్ వంశానికి తెల్లగులాబీ వందల ఏళ్ల గుర్తు, ఆయన యార్క్ డ్యూక్. తెల్ల హెదర్ పుట్టింటికి. స్కాట్లండ్ కొండల మీద పెరిగే చిన్న పొద అది. మామూలుగా ఊదారంగులో పూస్తుంది, తెల్లది దొరికితే అదృష్టమంటారు అక్కడివాళ్లు. ఆమె పుట్టింటివాళ్లది స్కాట్లండ్‌లోని గ్లామిస్ కోట. అత్తింటికొక పువ్వు, పుట్టింటికొక పువ్వు. చక్కటి లెక్క. ఎవరికీ కష్టం లేదు.

ఆ పిల్ల పేరు ఎలిజబెత్ బోవెస్‌లయన్. స్ట్రాత్‌మోర్ ఎర్ల్ పదిమంది సంతానంలో తొమ్మిదోది. రాజుగారి కొడుకు అడిగితే వెంటనే ఎగిరి గంతేసిన పిల్ల కాదు. 1921లో వద్దంది. మరుసటేడు మళ్లీ వద్దంది. రాజకుటుంబంలో అడుగుపెడితే తన ఇష్టానికి మాట్లాడటం, తన ఇష్టానికి నడవడం కుదరదని భయం. చివరికి 1923 జనవరిలో సరేనంది. మూడు నెలలకే పెళ్లి. వరుడి పక్కన తోడుగా నిలబడ్డ అన్న, వేల్స్ యువరాజు ఎడ్వర్డ్, ఆ ముందటేడే మన మలయా, అంటే ఇప్పటి మలేసియా, చూసి వెళ్లినవాడు. అవన్నీ పత్రికలు రాసుకున్నాయి. పత్రికలు అంతగా పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. దానికి ఎనిమిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఆమె పద్నాలుగో పుట్టినరోజు 1914 ఆగస్టు 4. సరిగ్గా ఆ రోజే ఇంగ్లండు జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. అన్నలు ఒకరి తర్వాత ఒకరు సైన్యంలోకి వెళ్లారు. గ్లామిస్ కోట గాయపడ్డ సిపాయిలు కోలుకునే ఆసుపత్రి అయింది. బడి ఈడు పిల్ల, ఆ సిపాయిలకు ఉత్తరాలు రాసిపెట్టేది, పేకాటకు చెయ్యి కలిపేది, వాళ్లకు పొగాకు తెచ్చిపెట్టేది.

అన్నల్లో ఫెర్గస్ ఆమెకంటే పదకొండేళ్లు పెద్ద. బ్లాక్ వాచ్ అనే స్కాటిష్ దళంలో కెప్టెన్. యుద్ధం మొదలైన నెలన్నరకు, 1914 సెప్టెంబర్ 17న పెళ్లి చేసుకున్నాడు. మరుసటేడు జూలైలో ఆడపిల్ల పుట్టింది. సెప్టెంబర్‌లో సెలవు దొరికింది. ఇంటికి వచ్చాడు. రెండు నెలల కూతుర్ని చూసుకున్నాడు. మొదటి పెళ్లిరోజు కూడా ఆ సెలవుల్లోనే వచ్చింది. తిరిగి ఫ్రాన్సు వెళ్లాడు.

అక్కడ లూస్ అనే ఊరి దగ్గర 25వ తేదీన పెద్ద దాడి మొదలైంది. ఇంగ్లిషు సైన్యం విషవాయువు వాడటం అదే మొదలు. గాలి అన్నిచోట్లా అనుకూలించలేదు, కొన్నిచోట్ల వదిలినవాళ్ల కందకాల్లోకే తిరిగి వచ్చింది. ఫెర్గస్ దళం హోహెన్‌జోలర్న్ అనే జర్మన్ మట్టికోట మీదికి వెళ్లింది. రెండు రోజులు పోరాడి, సగానికి పైగా నలిగి, కాస్త వెనక్కి వచ్చింది. జర్మన్లు మళ్లీ మీదపడటంతో 27న మళ్లీ ముందుకు వెళ్లమన్నారు. ఆ పొద్దుటే అతని కాలు తెగిపోయింది, గుళ్లు తగిలాయి. ఇరవై ఆరేళ్లు. పెళ్లిరోజు గడిచి పదిరోజులు. అదే తేదీన, అదే లూస్ పోరులో, రచయిత కిప్లింగ్ ఒక్కగానొక్క కొడుకు జాన్ కూడా కనబడకుండా పోయాడు.

ఫెర్గస్‌ను వెర్మెల్ దగ్గర రాళ్లగని పక్కన పూడ్చారు. ఆ నేల మీద ఆ తర్వాత మూడేళ్లు ఫిరంగులు కురుస్తూనే ఉన్నాయి. యుద్ధం ముగిసి వెతికితే సమాధి లేదు. ఎక్కడ పెట్టారో చెప్పగల ఆనవాలు లేదు. అతని పేరు, దేహం దొరకని ఇరవై వేలమంది పేర్లతో పాటు, లూస్ స్మారక గోడల మీదికి చేరింది.

ఇల్లు చావును తట్టుకుంటుంది. ఇవ్వాల్సిన నీళ్లు ఇస్తుంది, పెట్టాల్సిన పిండం పెడుతుంది, పదో రోజో పదకొండో రోజో స్నానం చేసి లేస్తుంది. చోటు లేని చావుకు అది కుదరదు. పువ్వు ఎక్కడ పెట్టాలి? 1918 తర్వాత ఇంగ్లండులో లక్షల ఇళ్లది ఇదే ప్రశ్న.

దానికి జవాబు వెతికినవాడు డేవిడ్ రెయిల్టన్ అనే సైన్యపు పూజారి. 1916లో ఆర్మెంటియేర్ దగ్గర ఒక ఇంటి పెరట్లో ఒక సమాధి చూశాడు. దాని మీద మొరటు కర్ర శిలువ. పెన్సిలుతో రాసి ఉంది, ఎవరో తెలియని బ్రిటిష్ సిపాయి అని. కింద బ్రాకెట్లలో, బ్లాక్ వాచ్ వాడు అని. ఆ రాత ఆయన్ను వదల్లేదు. పేరు తెలియని ఒక దేహాన్ని తెచ్చి, రాజులు పడుకున్న చోట పడుకోబెడితే, పేరు పోయిన ప్రతివాడి ఇంటికీ అది తమవాడిదే అవుతుందని అనుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత అబ్బే డీన్ హెర్బర్ట్ రైల్‌కు ఉత్తరం రాశాడు. డీన్ ప్రధానమంత్రికి, రాజుకు చెప్పాడు.

వేర్వేరు యుద్ధభూముల్లో తవ్వి తీసిన గుర్తు తెలియని దేహాల్ని ఒక గదిలో జెండాలు కప్పి ఉంచారు. వయాట్ అనే బ్రిగేడియర్ ఒక అర్ధరాత్రి లోపలికి వెళ్లి ఒకదాని మీద చెయ్యి వేశాడు. ఆ దేహాన్ని వెర్డన్ అనే యుద్ధనౌకలో డోవర్ తెచ్చారు. 1920 నవంబర్ 11న రాజు ఐదో జార్జి స్వయంగా శవపేటిక వెనక నడిచాడు. అబ్బేలో, పడమటి ద్వారానికి దగ్గరగా, ఫ్రాన్సు నుంచి బస్తాల్లో తెచ్చిన మట్టిలో పూడ్చారు. ఏడాదికి దాని మీద బెల్జియం నల్లరాయి పరిచారు. ఎవరిదో తెలియదు కాబట్టి ఎవరిదైనా కావచ్చు. అదే ఆ ఏర్పాటులోని కిటుకు.

రాయి పరిచిన పదిహేడు నెలలకు ఎలిజబెత్ పెళ్లి. ఆమె నడవాల్సిన దారిలో మొట్టమొదట ఎదురయ్యేది ఆ రాయే. బ్లాక్ వాచ్ కెప్టెన్ చెల్లెలు, బ్లాక్ వాచ్ సిపాయి సమాధి చూసి పుట్టిన ఆలోచన ముందు నిలబడింది. చేతిలో గ్లామిస్ కొండల హెదర్ ఉంది.

ఆమె చేసిన పనిలో నాకు గొప్పగా తోచేది త్యాగం కాదు. పూలగుత్తి పోతే త్యాగమేముంది, రాజుగారి పెళ్లిలో పూలకు కరువా? పుట్టింటివాళ్ల కోసమని కొట్టువాడు కట్టిన పువ్వు ఆ ఇంట్లో ఒకడికి ఇంకా అందలేదని ఆమెకు అక్కడ కనబడింది. అందించింది. అప్పటిదాకా అలంకారంగా ఉన్న హెదర్ అప్పుడే హెదర్ అయింది. ఆ నడవాలో కూర్చున్నవాళ్లలో అన్నో కొడుకో భర్తో పోనివాళ్లు ఎందరుంటారు? ఆమె ఎవరి కోసం వంగిందో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకొకటి. ఆమె పెళ్లికి ముందే పూలు పెట్టింది. తర్వాత వచ్చిన రాజకుటుంబపు పెళ్లికూతుళ్లు ఈ పద్ధతిని అందుకున్నారు గానీ క్రమం మార్చారు. పెళ్లి అయ్యాక, ఫొటోలు అయ్యాక, గుత్తిని అబ్బేకు పంపుతారు. ఎవరో తీసుకెళ్లి రాతి మీద పెడతారు. అది మర్యాద. బాగానే ఉంటుంది. మర్యాదగా మారిన ఏ పనికైనా మొదటిసారి ఉన్న పదును ఉండదు, అంతే.

ఫొటోలంటే గుర్తొచ్చింది. 1947లో ఎలిజబెత్ పెద్దకూతురు, తర్వాత రెండో ఎలిజబెత్ రాణి అయిన అమ్మాయి, అదే అబ్బేలో పెళ్లి చేసుకుంది. తెల్ల ఆర్కిడ్ల గుత్తి. పెళ్లి అయి, రాజభవనంలో అందరూ ఫొటోకు నిలబడే వేళకు గుత్తి కనబడలేదు. ప్రపంచం మొత్తం చూస్తున్న పెళ్లి, పెళ్లికూతురి పూలు మాయం! చల్లగా ఉంటాయని ఎవరో సేవకుడు ఎక్కడో భద్రంగా దాచాడట. తర్వాత కొత్త దంపతులు మళ్లీ పెళ్లిబట్టలు వేసుకుని, మరో గుత్తి పట్టుకుని ఫొటో తీయించుకోవాల్సి వచ్చింది. పెళ్లింట్లో తాళాలగుత్తి మన పిన్నిగారు బొడ్లో దోపుకుని మరిచిపోవడం లాంటిదే.

ఆ గుత్తిలో ఒక మర్టిల్ రెమ్మ కూడా ఉంది. దాని కథ వేరు. విక్టోరియా రాణి 1845లో ఆస్‌బోర్న్ ఇంటి తోటలో నాటించిన మర్టిల్ చెట్టు నుంచి కోసిన రెమ్మ. 1858లో ఆమె పెద్దకూతురి పెళ్లితో మొదలై ఆ ఇంటి పెళ్లికూతుళ్ల గుత్తుల్లోకి ఆ చెట్టు రెమ్మలు చేరుతూ వచ్చాయి. 2011లో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కేట్ పట్టుకున్న చిన్న గుత్తిలోనూ ఉంది. దాంతో పాటు వరుడి పేరున్న స్వీట్ విలియం పూలూ పెట్టించుకుంది. 2018లో ఆ ఇంటికే కోడలిగా వచ్చిన మేఘన్ గుత్తిలో ఫర్‌గెట్ మీ నాట్ అనే చిన్న నీలిపూలు. అవి వరుడి తల్లి డయానాకు ఇష్టమైనవి. వరుడే ముందురోజు తోటకు వెళ్లి కొన్ని పూలు కోసుకొచ్చాడు. నన్నడిగితే ఈ వరుసలో 1923 గుత్తికి దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. లేని మనిషి కోసం, ఉన్న మనిషి తన చేత్తో కోసిన పువ్వు.

పోర్ట్ క్లాంగ్ పిల్లకు రాజుల తోటలు లేవు. తలచుకోవాల్సినవాళ్లు మాత్రం ఉన్నారు. ఆ రేవు కట్టిన కథే చావులతో మొదలవుతుంది. మడ అడవులు నరికి, బురద పూడ్చి 1901 సెప్టెంబర్‌లో రేవు తెరిచారు. కొద్ది వారాల్లోనే మలేరియా కమ్ముకుంది. కూలీలు, రైల్వేవాళ్లు, ఓడలవాళ్లు, ఎవర్నీ వదల్లేదు. రేవు మూసేద్దామన్నంతవరకూ వచ్చింది. క్లాంగ్‌లో వైద్యుడిగా ఉన్న మాల్కం వాట్సన్ నీళ్లు నిలవకుండా కాలవలు తవ్వించి, దోమలు పెరిగే చిత్తడిని ఎండగట్టించి దాన్ని నిలబెట్టాడు. ఆ రేవులోనే మద్రాసు ఓడలు దిగేవి. డెక్కు మీద వచ్చిన కూలీలను అక్కడే క్వారంటైన్ శిబిరంలో పెట్టి, ఆ తర్వాత తోటలకు పంచేవారు. మన విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి, కూలీలను పోగుచేసే కంగాణీల వెంట వచ్చినవాళ్లు చాలామంది కింది పేరాక్‌లో బాగన్ దతో కొబ్బరి తోటలకూ, కెడా, జొహోర్ రబ్బరు తోటలకూ చేరారు. 1938లో ఇండియా ఈ కూలీల ఎగుమతిని ఆపేసింది. అప్పటికే వచ్చినవాళ్లు అక్కడివాళ్లయిపోయారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు.

ఈ రెండు తేదీల మధ్యే జపాను వాళ్లు వచ్చారు. 1942, 43ల్లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకు అడవిలో 415 కిలోమీటర్ల రైలుబాట వేయించారు. మలయా తోటల నుంచి పదుల వేలమంది కూలీల్ని లారీల్లో, సరుకు రైళ్లలో తీసుకెళ్లారు. ఎక్కువమంది తమిళులు, వాళ్లతో తెలుగువాళ్లూ. మూడు నెలల పని అని చెప్పి కొందర్ని, చెప్పకుండానే కొందర్ని. కలరా, మలేరియా, ఆకలి. ఆ బాట మీద చనిపోయిన పన్నెండు వేలకు పైగా యుద్ధఖైదీల్లో దాదాపు 7 వేలమందికి సయాంలోని కాంచనబురిలో వరుసలు తీర్చిన శ్మశానం ఉంది. రాయి మీద పేరుంది, పక్కన పూలమొక్కలున్నాయి. ఆసియా కూలీల చావులు దాదాపు 90 వేలని ఒక అంచనా. వాళ్లకు అలాంటి వరుసలు లేవు. కాంచనబురిలోనే వాట్ థావోర్న్ అనే బౌద్ధాలయంలో ఆ కూలీల అస్థికలు కొన్నింటిని ఒకచోట చేర్చి స్మారకం కట్టారు. మిగతావాళ్లు ఆ అడవిలోనే ఉన్నారు.

ఫెర్గస్‌కైతే చాలా ఏళ్లకు ఒక రాయి దక్కింది. 2011లో కుటుంబంవాళ్లు పాత కాగితాలు వెతికి చూపిస్తే, యుద్ధ సమాధుల కమిషన్ ఒప్పుకుని, మరుసటేడు వెర్మెల్ రాళ్లగని శ్మశానంలో అతని పేర రాయి నిలబెట్టింది. సరిగ్గా ఏ చోట పడుకున్నాడో ఇప్పటికీ తేలక, ఈ దగ్గర్లోనే పూడ్చారని దాని మీద చెక్కారు. ఎర్ల్ కొడుకు కాబట్టి కాగితాలు మిగిలాయి. తోటకూలీకి ఏ కాగితం మిగులుతుంది?

పెళ్లిలో చచ్చినవాళ్ల ఊసేమిటి అనేవాళ్లకు మన పద్ధతే ఒకసారి గుర్తుచేయాలి. పెళ్లికి ముందు నాంది పెడతాం కదా. ఎందుకది? పోయిన పెద్దల్ని పిలిచి, ఇంట్లో శుభకార్యం జరుగుతోంది, వచ్చి ఆశీర్వదించండి అని చెప్పడానికే. వాళ్లు లేకుండా పెళ్లి మొదలు కాదు. ముత్తైదువ కసురుతుంది, పురోహితుడు పిలుస్తాడు. రెండూ మన ఇంటివే. 1923లో ఆ పిల్ల చేసింది చూసి మొదట ఉలిక్కిపడ్డ మనసుకే, కాసేపటికి అది తెలిసిన పనిలాగా అనిపించడానికి కారణం ఇదే. కాకపోతే ఆమెకు మంత్రం చెప్పేవాళ్లు లేరు. పువ్వొక్కటే ఉంది.

కాబట్టి ఆ ఊహించుకున్న ఇంట్లో మాట అక్కడిదాకా వెళ్తుంది. కొబ్బరి తోటల నుంచి వచ్చిన కుటుంబం. మలయ్‌వాళ్ల పెళ్లిళ్లలో వరుణ్ణి ఎదుర్కోవడానికి రంగుకాగితాలతో చేసి కర్రలకు కట్టి పట్టుకునే బుంగా మంగార్ కూడా కొబ్బరి పూతను చూసి చేసిందే. బొకేలో నిజమైన కొబ్బరి పూత రెమ్మలు పెట్టించుకుంటే? లేత పసుపు, గింజల్లాంటి మొగ్గలు, మధ్యలో కాసిని మల్లెలు. చావుపూలన్న మాట రాదు. ఆల్బంలో ఉండదు. పూలకొట్టువాడు ముందు వింతగా చూస్తాడు, తర్వాత ఎన్ని రోజుల ముందు కోయాలో, రాలకుండా ఎలా కట్టాలో లెక్క వేసుకుంటాడు.

“కొబ్బరి పూతా?” అంది అమ్మమ్మ. కాసేపు ఏమీ అనలేదు. “మా అయ్య చెట్టెక్కేవోడు. చిన్నాన్నా ఎక్కేవోడంట. నే సూడలేదు. సయాం రైలుకి అట్టుకుపోయారు.”

“ఫొటో ఉందా అమ్మమ్మా?”

“ఎక్కడి ఫొటో? మా అయ్య పటం ఒక్కటే.”

“విందు అయ్యాక బొకే విసరాలట. పెళ్లికాని ఆడపిల్లలు పట్టుకుంటారు.”

“ఇసరడమేటే? పువ్వులు ఇసురుతారా ఎవలైనా? తెచ్చి మా అయ్య పటం కాడ ఎట్టు. తమ్ముడు ఏడున్నాడో ఆయనకి తెలీకుండా ఉంటాదేటి?”

“సరేగానీ,” అంది తల్లి, “ముందు ఫొటోలు అవ్వనీయండి.”